వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లు పడిపోకుండా: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి వైపు ఒక ఓల్డేజ్ హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల హోమ్‌లలో అమ్మానాన్నల్ని ఉంచి బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటున్న పిల్లలు, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆయాలు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కొన్నిటికి కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి.

వయసు మీద పడ్డాక పడిపోవడం మామూలే కదా?

మామూలే అనుకోవడం వల్లే సగం మంది రెండోసారి పడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. వాళ్లలో ఎక్కువ మంది 60 దాటినవాళ్లు.

రిజిస్టర్‌లో "కాలు జారి పడ్డారు" అని రాసేసి సంతకం పెడతాం. కాలు ఎందుకు జారింది? ఆ సమయంలో ఎందుకు లేచారు? లేచినప్పుడు కళ్లు తిరిగాయా? కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టారా? ఈ నాలుగూ అడిగితే వయసు కాకుండా వేరే కారణం ఒకటైనా దొరుకుతుంది. వయసును తగ్గించలేం, దొరికిన కారణాన్ని మాత్రం సరిచేయొచ్చు.

ఎక్కువగా ఎక్కడ పడతారు? ఏ టైములో?

మంచం నుంచి బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో, రాత్రిపూట. మా దగ్గర నేను చూసినంతలో ఇదే ఎక్కువ.

ఒక రాత్రి లైట్లన్నీ ఆపించి, మా హోమ్‌లో ఒక తాతగారి మంచం మీద పడుకుని, ఆయన లేచినట్టే లేచి నడిచి చూశాను. మొదట అడ్డొచ్చింది దోమతెర. దాని అంచు పరుపు కింద దోపి ఉంటుంది, లాగితే వచ్చి మోకాలికి చుట్టుకుంది. కాళ్లు కిందికి దించితే నేల అందలేదు, మంచం అంత ఎత్తు. చెప్పులు మంచం కిందికి జరిగిపోయాయి, వాటికోసం వంగితే తల దిమ్మెక్కింది. స్విచ్చి తలుపు పక్కన ఉంది, అంటే చీకట్లో గదంతా దాటితే గానీ లైటు పడదు. మధ్యలో పక్క మంచం వాళ్ల స్టూలు. లుంగీ జారకుండా ఒక చేత్తో పట్టుకుంటే గోడ పట్టుకోవడానికి ఒక చెయ్యే మిగిలింది. ఆ తర్వాత గడప, గడప అవతల తడి. నాకు 40 దాటాయి, మోకాళ్లు బాగానే ఉన్నాయి, అయినా గడప దగ్గర తూలాను. ఆయనకు 82.

ఆ తర్వాత చేసిన పనులకు పెద్ద ఖర్చేమీ కాలేదు. మంచం కోళ్లు కోయించాం, అంచున కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా. తలాపున చేతికందేచోట స్విచ్చి పెట్టించాం. నేలకు జానెడు ఎత్తులో రాత్రంతా వెలిగే చిన్న బల్బులు బిగించాం, వాటిని ఇన్వర్టర్ లైనుకు కలిపాం. స్టూలు తీసేశాం. రాత్రికి లుంగీ బదులు ఎలాస్టిక్ పైజామా ఇచ్చాం. దీనికి మాత్రం తాతగారు వారం రోజులు మాతో పోట్లాడారు. గడప తీయించడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు, వాస్తు అన్నారు. సరేనని గడపకు రెండువైపులా వాలుగా సిమెంటు పోసి, అంచుకు పసుపు రంగు వేశాం. గడపకు పసుపంటే ఎవరూ అడ్డు చెప్పరు కదా.

ఒంటరిగా వెళ్లలేనివాళ్లకు మంచం పక్కనే యూరిన్ క్యాన్ గానీ కమోడ్ కుర్చీ గానీ పెట్టాలి. అంతకంటే బాగా పనిచేసేది ఇంకోటుంది. రాత్రి ఎవరు ఏ టైముకు లేస్తారో నైట్ డ్యూటీ ఆయాకు తెలిసి ఉండాలి. రోజూ రెండున్నరకు లేచే అమ్మమ్మను రెండుంపావుకే లేపి తీసుకెళితే ఆమె ఒంటరిగా లేవాల్సిన పని ఉండదు.

మా హోమ్‌లో కొత్తగా గ్రానైట్ వేయించారు. చాలా శుభ్రంగా ఉంది. మంచిదే కదా?

చూడటానికి మంచిదే. చీమకుర్తి మనకు పక్కనే, అక్కడి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. మన దాతలు గుడికైనా ఆశ్రమానికైనా ముందు ఇచ్చేది పాలిష్ బండే. పొడిగా ఉన్నంతసేపూ దాంతో ఇబ్బంది లేదు. సబ్బు నీళ్లో, మోకాళ్లకు రాసుకున్న నూనె అరికాలికి కారిందో పడితే మాత్రం అద్దం మీద నడిచినట్టే. పైగా నల్లబండ మీద నీళ్లు కంటికి కనపడవు.

ఇంకా వేయించకపోతే లెదర్ ఫినిష్ గానీ ఫ్లేమ్డ్ ఫినిష్ గానీ అడగండి. అదే రాయి, కాకపోతే గరుకుగా ఉంటుంది. ఆరుబయటికీ, బాత్‌రూమ్ ముందుకీ, వాలు దారికీ ఫ్లేమ్డ్ ఇంకా నయం. ఇప్పటికే వేసేసి ఉంటే బాత్‌రూమ్ ముందు, చేతులు కడుక్కునే చోట, మెట్ల అంచుల్లో జారకుండా ఉండే గరుకు టేపు అంటించండి. అది కొన్నాళ్లకు లేస్తుంది. అంచు లేచిన టేపు కూడా కాలికి తగులుతుంది కాబట్టి చూసి మారుస్తుండాలి. గోనెపట్టా, పాత చీర మడిచి వేసిన కాలిపట్టా ఈరోజే తీసేయండి. వేస్తే అడుగున రబ్బరు ఉన్నదే వేయాలి.

దాతలకో మాట. మీ పేరు చెక్కించిన పలక ఎంతైనా మెరవనివ్వండి, నేల మాత్రం గరుకుగా ఉండనివ్వండి.

తడిగుడ్డ పెట్టే టైము కూడా చూసుకోవాలి. అందరూ టిఫినుకు నడిచి వెళ్లే టైములోనే వరండా తుడవడం చాలాచోట్ల చూశాను. వాళ్లు కూర్చున్నాక తుడవండి, అదీ వరండాలో ఒక సగం ఆరాకే రెండో సగం.

బాత్‌రూమ్‌లో ఏమేం మార్చాలి?

పట్టుకోవడానికి గోడకు గట్టి స్టీలు రాడ్డు బిగించాలి. టవల్ ఆరేసే రాడ్డు ఇందుకు పనికిరాదు. మనిషి బరువు పడితే అది స్క్రూలతో సహా ఊడొస్తుంది, మనిషి దాంతోపాటు పడతాడు. రాడ్డు ఒకటిన్నర అంగుళం మించని లావు ఉంటే పిడికిలికి సరిపోతుంది. గోడకూ రాడ్డుకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉండాలి. తెల్ల టైల్స్ మీద స్టీలు రాడ్డు చూపు తగ్గినవాళ్లకు కనపడదు, ఎర్ర టేపు చుట్టండి.

కింద కూర్చునే దొడ్డి వాడటం మోకాళ్లు పట్టేసినవాళ్లకు కష్టం. కమోడ్ 17 నుంచి 19 అంగుళాల ఎత్తుంటే లేవడం తేలిక. స్నానానికి మామూలు ప్లాస్టిక్ కుర్చీ వేయకండి, తడి టైల్స్ మీద దాని కాళ్లు పక్కలకు జారిపోతాయి. కాళ్లకు రబ్బరు బుష్షులున్న స్నానం స్టూలు తేవాలి.

చాలామంది పట్టించుకోని విషయం తలుపు. అది లోపలికి తెరుచుకునేదైతే, పడ్డ మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే బయటివాళ్లు తెరవలేరు. తలుపు బయటికి తెరుచుకోవాలి, గొళ్లెం బయటినుంచి కూడా తీయగలిగేది ఉండాలి.

పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటారు. నీరసం అనుకోవాలా?

ముందు బీపీ చూడాలి, అదీ మూడుసార్లు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేవగానే రక్తం తలకు సరిగ్గా అందడం లేదని అర్థం. మామూలుగా కూర్చోబెట్టి చూసే బీపీలో ఇది బయటపడదు. అందుకే "బీపీ నార్మలే" అని రాసున్న మనిషే పొద్దున్నే పడిపోతుంటారు.

డాక్టరుకు చెప్పేలోపు మనం చేయగలిగింది ఉంది. కళ్లు తెరిచాక మంచం మీదే పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించాలి. అంచున కూర్చుని ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. లేచాక ఏదో ఒకటి పట్టుకుని కాసేపు నిలబడి, అప్పుడు అడుగు వేయాలి. కొందరికి అన్నం తిన్న తర్వాత కూడా బీపీ తగ్గుతుంది, వాళ్లు భోజనం బల్ల దగ్గర నుంచి గబుక్కున లేవకూడదు.

మందుల వల్ల కూడా పడతారా?

పడతారు. నన్నడిగితే నేల తర్వాత చూడాల్సింది మందుల డబ్బానే.

ఆల్ప్రజోలం, క్లోనజెపామ్ లాంటి నిద్రమాత్రలు తెల్లారేదాకా మత్తు దించవు. జలుబుకో దురదకో వేసే అవిల్ కూడా తూలిస్తుంది. ప్రొస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, కొన్ని బీపీ మాత్రలు నిలబడగానే బీపీని దించేస్తాయి. నీరు తగ్గించే మాత్ర సాయంత్రం వేస్తే రాత్రంతా బాత్‌రూమ్‌కి తిరగాల్సిందే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుని అన్నం సరిగ్గా తినకపోతే షుగర్ పడిపోయి మనిషి కూలిపోతారు. ఉపవాసం రోజుల్లో, ముఖ్యంగా కార్తీకమాసంలో, ఇది గుర్తుంచుకోండి.

ఒకరికి నెల్లూరు డాక్టరు చీటీ ఒకటి, ఒంగోలు డాక్టరు చీటీ ఒకటి, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లం ఒకటి ఉంటాయి. మూడింట్లోనూ ఒకే మందు వేరే వేరే పేర్లతో ఉండటం నేను కళ్లారా చూశాను. అన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టి, ఏవి అవసరమో అడగండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఎన్నాళ్లుగానో వాడుతున్న నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

నిన్నటిదాకా బాగా నడిచిన మనిషి, ఈ వారంలోనే రెండుసార్లు పడ్డారు. ఎందుకు?

వెంటనే డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం ఇలాంటివేవైనా లోపల మొదలై ఉండొచ్చు. పెద్దవాళ్లలో జ్వరం లేకుండానే ఇవి వస్తాయి, ముందు కనిపించే గుర్తు పడిపోవడమే కావచ్చు. దాంతోపాటు మాట తికమకగా ఉంటే ఇంకా తొందరపడాలి.

కనిగిరి వైపు నుంచి వచ్చినవాళ్లకు నడక ఎందుకు అంత బిగుసుకుపోయి ఉంటుంది?

అందరికీ కాదు. కానీ కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లలో కొందరికి వెన్ను, మెడ, మోకాళ్లు పట్టేస్తాయి. మెడ తిరగదు కాబట్టి పక్కన ఏముందో చూడటానికి ఒళ్లంతా తిప్పాలి, తిప్పితే తూలతారు. ఎముక ఎక్స్‌రేలో గట్టిగా కనిపించినా పెళుసుగా ఉంటుంది. వీళ్లను హోమ్‌లో చేర్చుకునే రోజే ఈ సంగతి కేసు షీటులో రాసుకోవాలి. వీళ్లకు మంచం గోడవారగా కాకుండా, దిగగానే ఎదురుగా దారి కనిపించేలా వేయాలి. వెనకనుంచి పిలవకూడదు, ఎదురుగా వచ్చి పలకరించాలి.

ఎవరికి పడే ప్రమాదం ఎక్కువో ముందే తెలుస్తుందా?

ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. వాళ్ల మామూలు నడకే, చేతికర్ర ఉంటే దానితోనే. 12 సెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే జాగ్రత్త పడాల్సిన మనిషి. చేస్తున్నప్పుడు పక్కనే నిలబడండి. గత ఏడాదిలో ఒకసారి పడ్డవాళ్లనైతే ఈ పరీక్ష లేకుండానే ఆ లిస్టులో రాసుకోండి.

వ్యాయామం చేయిస్తే ఉపయోగం ఉంటుందా, లేక అలసిపోయి పడతారా?

పద్ధతిగా చేయిస్తే ఉపయోగమే. చేతులతో నెట్టుకోకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలు పైకెత్తడం, అలాగే పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడటం. ఎవరికి ఎంతవరకు అనేది ఒకసారి ఫిజియోథెరపిస్టుతో చెప్పించుకోండి. మా దగ్గర భజన మొదలయ్యే ముందు పది నిమిషాలు చేయిస్తాం. "ఏందమ్మా, ఈ వయసులో నాకు డ్రిల్లు చేపిస్తన్నావు" అని ఒక అమ్మమ్మ రోజూ విసుక్కుంటుంది, ఒక్కరోజు మానేస్తే మళ్లీ ఆమే అడుగుతుంది. నెల చేసి ఆపేస్తే వచ్చిన బలం పోతుంది.

పడకుండా మంచానికి కట్టేస్తే, లేదా రెయిలింగ్ పెడితే?

కట్టకండి. కట్టేస్తే కండ కరుగుతుంది, పుండ్లు పడతాయి, విప్పిన రోజు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మతిమరుపు ఉన్నవాళ్లు రెయిలింగ్ ఎక్కి దూకబోతారు. రెండడుగుల ఎత్తు నుంచి పడాల్సినవాళ్లు నాలుగడుగుల ఎత్తు నుంచి పడతారు. దానికి బదులు మంచం బాగా కిందికి దించి, పక్కన పరుపు వేయండి.

మతిమరుపు ఉన్నవాళ్లు ఊరికే లేవరు. ఆకలో, మూత్రమో, నొప్పో, భయమో ఉంటుంది. మా దగ్గర ఒకాయన రోజూ తెల్లవారుజామున లేచి గోడ వెంబడి నడిచేవారు. బర్రెల దగ్గరికి పోవాలట. "పాలు పిండేశారు నాయనా, కూర్చో" అని గ్లాసుడు టీ ఇస్తే కూర్చునేవారు.

కంటి ఆపరేషన్ ఈ వయసులో అవసరమా?

శుక్లం ఉంటే అవసరమే. మెట్టు అంచు కనపడని మనిషి ఎంత నెమ్మదిగా నడిచినా పడతారు. ఇంకో సంగతి. కింద భాగంలో దగ్గరి చూపు అద్దం ఉన్న కళ్లజోడుతో మెట్లు దిగితే మెట్టు మసకగా కనిపిస్తుంది. నడిచేటప్పుడు దూరం చూపుది విడిగా ఉంటే మేలు.

చేతికర్ర, వాకర్ ఎక్కడ దొరుకుతాయి?

పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం ఉంది, రాష్ట్రీయ వయోశ్రీ యోజన. 2017లో దాన్ని మొదలుపెట్టింది మన నెల్లూరు జిల్లాలోనే. చేతికర్రలు, వాకర్లు, వీల్ చైర్లు, వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, కట్టుడు పళ్లు క్యాంపుల్లో కొలతలు చూసి ఇస్తారు. జిల్లా వృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగండి.

కర్ర తెచ్చాక ఎత్తు చూసుకోవాలి. చెయ్యి కిందికి వదిలేసి నిలబడితే మణికట్టు గీత ఎక్కడుందో కర్ర పిడి అక్కడ ఉండాలి. ఏ కాలు నొప్పో దానికి ఎదుటి చేత్తో పట్టుకోవాలి. దాదాపు అందరూ దీన్ని తారుమారు చేస్తారు. అడుగున రబ్బరు అరిగిపోతే కర్ర ఉన్నా లేనట్టే.

ఎండాకాలం, వానాకాలం వేరే జాగ్రత్తలున్నాయా?

మన దగ్గర రోహిణి కార్తె ఎండకు ఒంట్లో నీరు ఇంకిపోయి బీపీ పడిపోతుంది. రాత్రి లేవాల్సి వస్తుందని చాలామంది నీళ్లే తాగరు. పగటిపూటే మజ్జిగ, నీళ్లు ఎక్కువ తాగించి, రాత్రి భోజనం తర్వాత తగ్గించండి, గుండెకో కిడ్నీకో డాక్టరు నీళ్లకు లెక్క చెప్పి ఉంటే తప్ప. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను వస్తుందనగానే ఇన్వర్టర్ చూసుకోవాలి, ప్రతి మంచం దగ్గరా టార్చ్ ఉంచాలి, వరండాలో జల్లు పడేవైపు కుర్చీలు వేసి దారి మూసేయాలి.

పడిపోయిన వెంటనే ఏం చేయాలి?

గబగబా చంకల కింద చేతులేసి లేపకండి. అందరం చేసే తప్పు ఇదే. ముందు పక్కన కూర్చోండి, పేరుపెట్టి పలకరించండి, ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి దగ్గర ఎముక విరిగినట్టే అనుకోండి. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. మర్దన చేయొద్దు.

తలకు తగిలితే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి ఏమీ కనపడకపోయినా స్కాన్‌కు తీసుకెళ్లాలి. ఆ రోజు బాగానే ఉండి, రెండు మూడు వారాలకు మత్తుగా, తికమకగా మారితే పాత దెబ్బ గురించి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. లోపల రక్తం నెమ్మదిగా చేరి ఉండొచ్చు.

ఏ దెబ్బా లేదని తేలితే వాళ్లనే లేవనివ్వండి. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల మీదికి వచ్చి, ముందు పెట్టిన కుర్చీ పట్టుకుని.

తుంటి ఎముకకు పుత్తూరు కట్టు వేయిస్తే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. చేతి ఎముకకు కట్టు కట్టించుకుని తగ్గినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు కాబట్టి ఆ నమ్మకాన్ని నేను తీసిపారేయను. తుంటి ఎముక సంగతి వేరు. అది బయటి కట్టుతో నిలవదు. నెలల తరబడి మంచంలో ఉంటే ఎముక సంగతి అటుంచి, వీపు మీద పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేస్తే ఆ మర్నాటినుంచే లేపి కూర్చోబెట్టడానికి వీలవుతుంది. "ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోగలదా" అని అడుగుతారు. ఆపరేషన్ లేకుండా మంచంలో ఉండటం తట్టుకోవడం అంతకంటే కష్టం.

మా నాన్న పడ్డారంటే హోమ్ వాళ్ల నిర్లక్ష్యమేనా?

కొన్నిసార్లు అవును, కొన్నిసార్లు కాదు. నడిచే మనిషి ఎప్పుడో ఒకప్పుడు పడొచ్చు. ఎవరూ ఎప్పుడూ పడలేదని చెప్పే హోమ్‌ను నేనైతే నమ్మను. ఒకటి, అక్కడ ఎవర్నీ నడవనివ్వడం లేదు. లేదంటే రాసుకోవడం లేదు. మీరు అడగాల్సింది, పడ్డాక ఏం మార్చారు అని. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎందరు ఆయాలున్నారో కూడా అడగండి. వీలైతే రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్లి చూడండి. నిజంగా పట్టించుకోకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు చెప్పొచ్చు.

చూడటానికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

అందరూ మలై కాజా తెస్తారు, షుగర్ ఉన్నవాళ్లు మాకు తెలియకుండా దిండు కింద దాచుకుంటారు. దాని బదులు చెప్పులు తెండి. హవాయి చెప్పులు కాదు, మడమ వెనక పట్టీ ఉన్నవి, అడుగు పలచగా, గరుకుగా ఉన్నవి. సాయంత్రం పూట పాదం కొలత తీసి పంపమని మమ్మల్ని అడగండి, పొద్దుటికీ సాయంత్రానికీ వాళ్ల కాళ్లు వాస్తాయి. పట్టీ వెల్‌క్రోది అయితే మరీ మంచిది, వంగి బకిల్ పెట్టుకోవాల్సిన పని ఉండదు.